వరుసలో మొదటి మనిషి

ఆ ఆదివారం ఉదయం సరేబాబు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎండ ముదరకముందే బజారుకు వెళ్ళాలి. మంచి రామెన్, అదే జపాను నూడిల్స్ సూపు, దొరికే చోటొకటి పట్టాలి. మధ్యాహ్నానికి మామగారిని తీసుకొచ్చి అక్కడ కూర్చోబెట్టాలి. ఆయన నోట "అల్లుడూ" అనే పిలుపు ఒక్కసారి వినాలి. మొదటి మూడు పనులూ కాళ్ళతో అయ్యేవే. చివరిదానికే ఇన్నేళ్ళుగా దారి దొరకలేదు.

సరేబాబు అన్నది అతని అసలు పేరు కాదు. ఎవరేమన్నా "సరే" అంటాడు కనుక అత్తవారింట ఆ పేరు స్థిరపడిపోయింది. మామగారు పెద్దల్లుణ్ణి "అల్లుడుగారూ" అని నోరారా పిలుస్తారు. సరేబాబును పిలవవలసి వస్తే "ఇదిగో" అంటారు. దూరంగా ఉంటే "ఇదిగో, నిన్నే" అంటారు. పెళ్ళైన కొత్తలో అది మొహమాటమనుకున్నాడు. తర్వాత మరపు అనుకున్నాడు. ఇప్పుడు అనుకోవడం మానేశాడు గాని ఆశ మానలేదు.

మామగారు ఓడల్లో ఇంజన్లు చూసిన మనిషి. వయసులో ఉండగా, జపాను రేవులో, ఎముకలు కొరికే చలిలో, ఒక చిన్న కొట్టు ముందు నిలబడ్డ ముచ్చట ఆయన చెప్పని విందు లేదు. "రామెన్ అంటే అదీ! ఆ వాసన... ఆ ఆవిరి..." అని కళ్ళు మూసుకునేవారు. మూసిన కళ్ళు తెరిచేలోగా ఎదుటి వంటకం చల్లారేది, వండినవాళ్ళ ముఖం వేడెక్కేది. కిందటి వారం ఆయన పుట్టినరోజు భోజనం మాట వచ్చింది. పెద్దల్లుడు గొంతు సవరించుకునేలోగా, "మామయ్యగారికి రామెన్ తినిపిద్దాం. నాకో మంచి చోటు తెలుసు," అన్న మాట గదిలో వినిపించింది. ఎవరన్నారా అని అందరితో పాటు సరేబాబు కూడా చుట్టూ చూశాడు. అన్నది తనే.

"మీకు నిజంగా తెలుసా?" అంది భార్య, నీలం చొక్కాకు ఇస్త్రీ చేస్తూ.

"తెలుసుకుంటాను."

"అంటే తెలీదు!"

"మధ్యాహ్నానికి తెలుస్తుంది కదా."

"బాగుంది సంబడం! మా బావగారు అప్పుడే నవ్వడానికి పళ్ళు తోముకుంటూ ఉంటారు. పోనీ ఫోన్లో చూడొచ్చుగా? నక్షత్రాలు ఇస్తారుగా జనం?"

"చూశా. ఊళ్ళో ఉన్న రామెన్ కొట్లన్నింటికీ ఒకే లెక్కన నక్షత్రాలు. అయినా కూర్చున్నవాళ్ళ మాట నేను నమ్మను. నిలబడ్డవాళ్ళనే నమ్ముతా."

ఈ సిద్ధాంతం అతనికి ఉద్యోగం నేర్పింది. విమానాశ్రయంలో వరుసలు చూడడం అతని పని. గుంపుగా వచ్చి పడిన జనాన్ని తాళ్ళ మధ్య పాములా మలిచి, ఎవరి పెట్టె ఎవరి కాలి మీదా పడకుండా, ఎవరి కోపం ఎవరి చెవినా పడకుండా సాగనంపుతాడు. ఇంట్లో నోరు మెదపని మనిషి అక్కడ చూపుడువేలు ఎత్తాడంటే సముద్రం పాయలవుతుంది. నాలుక అబద్ధమాడవచ్చు, కాళ్ళు ఆడవని అతని నమ్మకం. పీకుతున్నా కదలని కాళ్ళు ఎక్కడ ఉంటాయో, అక్కడ సరుకుంటుంది.

బజారులో మొదటి కొట్టు దీపాలకు కళ్ళు చెదిరాయి. లోపల వడ్డించేవాళ్ళు తప్ప తినేవాళ్ళు లేరు. రెండోదాంట్లో జనం ఉన్నారు గాని, గిన్నెను ఇటు తిప్పి ఒక ఫొటో, అటు తిప్పి ఒక ఫొటో తీసుకుంటున్నారు. సూపు చల్లారిపోతోందని ఎవరికీ దిగులు లేదు. సరేబాబు పెదవి విరిచి ముందుకు నడిచాడు. వీధి చివర, పూలకొట్టు పక్కన, ఒక చెక్కతలుపు కనిపించింది. పైన గిన్నె బొమ్మ ఉంది. తలుపుకు "తెరవలేదు" అన్న పలక వేలాడుతోంది. అయితే ఆ తలుపు సందులోంచి ఒక వాసన వచ్చింది. ఎముకలు ఓపిగ్గా, ఎంతో సేపు, సన్నని మంట మీద మరిగితే తప్ప రాని చిక్కటి వెచ్చటి వాసన. సరేబాబు కాళ్ళు వాటంతటవే ఆగాయి. ఆగినందుకు ఏదో ఒక పని ఉండాలి గనుక భార్యకు ఫోను చేశాడు.

నిలబడడం అతని విద్య. వెన్ను నిటారుగా, పాదాలు జతగా, గోడకు మూరెడు ఎడంగా, చూపు తలుపు మీద. అంత శ్రద్ధగా నిలబడ్డ మనిషి వెనక జాగా ఎక్కువసేపు ఖాళీగా ఉండదు. కూరల సంచీ పట్టుకున్న ఒక పెద్దావిడ అటుగా వచ్చి, "ఇదేనా నాయనా లైను?" అని అడిగింది. సరేబాబు ఫోన్లో భార్య చెబుతున్నదానికి తల ఊపాడు. ఫోనుకు తల ఊపితే కనబడదన్న సంగతి అతనికి ఎప్పుడూ తట్టదు. సంచీ ఆవిడకు మాత్రం కనబడింది. ఆవిడ నిలబడింది. ఆవిడ వెనక గొడుగు పట్టుకున్న మాస్టారు, మాస్టారి వెనక ఇద్దరు నర్సులు, వాళ్ళ వెనక కుక్కను నడిపించడానికి వచ్చి కుక్కతో సహా ఆగిపోయిన ఒక ప్లీడరు.

ఫోను పెట్టి వెనక్కి తిరిగేసరికి వరుస పూలకొట్టు దాటింది. సరేబాబు గుండె పూలకొట్టంత అయింది. తెరవని తలుపు ముందు ఇంతమందా! ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? వెంటనే మళ్ళీ ఫోను చేశాడు.

"దొరికింది! లైను చూస్తే నీకు మతిపోతుంది! అందర్నీ బయల్దేరదియ్!"

భార్య అక్కకు చెప్పింది. అక్క భర్తకు చెప్పింది. పెద్దల్లుడు మామగారికి తనే కనిపెట్టినట్టు చెప్పాడు.

ఈలోగా వరుస వంకరపోయింది. ఆ వంకర చూశాక సరేబాబు చేతులు ఊరుకోలేదు. ముందు జాగా వదిలేసి వెళ్ళాడు. "బాబూ, కొంచెం గోడవైపు. అమ్మా, పూలబుట్టలకు దారి. సార్, కుక్కను ఎడమపక్కకు." అలా సర్దుకుంటూ వరుసను మూల దగ్గర మడిచి, సందులోకి తిప్పి, కొట్టు వెనక తలుపు మీదుగా అందంగా పారించాడు. పని పూర్తయ్యాక తనూ వెళ్ళి కొసన నిలబడ్డాడు. వరుస వదిలినవాడికి తోకే గతి. విమానాశ్రయంలో ఎందరికో చెప్పిన నియమం తనకు వర్తించదనడం అతని వల్ల కాలేదు.

తలుపు అవతల మరో కథ నడుస్తోంది. ఆ కొట్టు యజమానురాలు ఒక జపాను గురువు దగ్గర గిన్నెలు కడగడంతో మొదలుపెట్టి, ఎన్నో ఏళ్ళకు గరిటె పట్టుకోవడానికి అనుమతి పొందిన మనిషి. గరిటె వచ్చింది, కొట్టు వచ్చింది, తినేవాళ్ళే రాలేదు. వచ్చిందల్లా పై అంతస్తు పెద్దమనిషి. "మీ ఎముకల వాసన మా మంచం దాకా వస్తోంది," అని ఆయన రోజూ వచ్చి వెళ్ళేవాడు. ఆవిడకు విసుగొచ్చింది. ఇవాళ్టితో మూసేద్దామని నిశ్చయించుకుంది. మిగిలిన ఎముకలు పారేయడానికి మనసొప్పక చివరిసారి కుండ పెట్టింది. అది తాగి, తాళం వేసి, వెళ్ళిపోవడమే తరువాయి.

అంతలో బయట అలికిడి. ఉత్తరాలు వేసే కంత మూత ఎత్తి చూసింది. మోకాళ్ళు! వరుసగా, క్రమశిక్షణగా, కదలకుండా నిలబడ్డ మోకాళ్ళు! పై అంతస్తాయన పేటంతటినీ పోగుచేసి గొడవకు తీసుకొచ్చాడని ఆవిడకు అర్థమైంది. దొడ్డిదారిన పోదామని వెనక తలుపు ఓరగా తీసింది. అక్కడా మోకాళ్ళే. చుట్టుముట్టారు! గబగబా వచ్చి కంతలోంచి కేకేసింది.

"బాబూ, ఇదే ఆఖరి కుండ! ఒట్టు, దీని తర్వాత ఇక పెట్టను! ఈ ఒక్కపూట ఓర్చుకోండి!"

వరుస ఉలిక్కిపడింది.

"ఆఖరి కుండట!"

"తలుపు తియ్యకుండానే ఆఖరి కుండా? ఎంత గిరాకీ లేకపోతే!"

"ఓర్చుకోమంటోంది పాపం. ఎంత మర్యాదస్తురాలో!"

వార్త మూల తిరిగేసరికి కాస్త బలిసింది. సందులోకి వచ్చేసరికి ఇంకాస్త. తోక దాకా వచ్చేటప్పటికి, ఈ వంటావిడ రేపే జపాను వెళ్ళిపోతోందనీ, అక్కడ మహారాజులెవరో ఆవిడ కోసం ఓడ పంపారనీ అయింది. దారినపోయే మరో పదిమంది దారి మానుకున్నారు.

టాక్సీ ఆగింది. చేతికర్రతో మామగారు, నల్లకళ్ళద్దాలతో పెద్దల్లుడు, వెనక అక్కాచెల్లెళ్ళిద్దరూ దిగారు.

"ఓస్, ఇదా!" అన్నాడు పెద్దల్లుడు. "ఈ చోటు నాకెప్పుడో తెలుసోయ్. ఇక్కడి వంటవాడు మనవాడే."

"వంటావిడ, అన్నయ్యా," అన్నాడు సరేబాబు.

"అదే. మనవాడి అక్క. నువ్వు తోకలో నిలబడ్డావేంటి? మామయ్యగారూ, నాతో రండి, చక్కా ముందుకు పోదాం," అని బయలుదేరాడు.

తర్వాత జరిగింది సరేబాబు చేసింది కాదు, అతని చూపుడువేలు చేసింది. అది దానంతటదే లేచింది. గొంతు దానంతటదే మారింది. "సార్! వరుస వెనకనుంచి."

సందంతా గోడవైపు ఒకడుగు జరిగింది. కుక్క కూడా కూర్చుంది. పెద్దల్లుడు కళ్ళద్దాలు తీసి, ఆ మాటన్నది ఎవరా అని చూసి, నమ్మలేక మళ్ళీ పెట్టుకున్నాడు. సరేబాబు తన వేలును వేరెవరిదో అన్నట్టు చూసుకుని జేబులో దాచాడు. మామగారి కనుబొమ ఒకటి మెల్లగా పైకి లేచింది.

"ఇదిగో," అన్నారాయన. "చప్పుడు చేసే ఇంజనల్లా నడిచే ఇంజను కాదు. ఇంతమంది నిలబడ్డారే, వీళ్ళలో ఇక్కడ తిన్నవాడు ఒక్కడైనా ఉన్నాడా?"

"కనుక్కొస్తానండీ."

తోక నుంచి మొదలుపెట్టాడు. తోకవాళ్ళు ప్లీడరుగారిని చూసి నిలబడ్డారట. "లా తెలిసినాయన నిలబడ్డాడంటే ఊరికే నిలబడతాడా?" ప్లీడరుగారు నర్సుల్ని చూసి నిలబడ్డారట. "ఆరోగ్యం సంగతి వాళ్ళకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుందండీ!" నర్సులు మాస్టారిని చూసి. మాస్టారు సంచీ ఆవిడను చూసి. "మంచి కూర ఎంచుకున్న మనిషి మంచి కొట్టు ఎంచుకోదూ?" ఒక్కో మనిషి ముందు మనిషిని చూపిస్తూ, ఒక్కో నమ్మకం ముందు నమ్మకం మీద వాలుతూ, సరేబాబు చివరికి వరుస మొదటికి చేరాడు. సంచీ ఆవిడ ముందు ఒక అడుగు జాగా ఖాళీగా ఉంది. ఖాళీ చూసి ఊరుకునే కన్ను కాదది.

"అమ్మా, ఒకడుగు ముందుకు జరగండి."

"కుదరదు. అది ఆయన జాగా."

"ఎవరిది?"

"నాకంటే ముందొచ్చినాయనది. ఇప్పుడే వస్తాడు. నేను కాపలా ఉన్నాను."

"ఆయనకు ఈ కొట్టు తెలుసా?"

"తెలియకపోవడమేంటి? మొహం చూళ్ళేదుగాని వీపు చూశాగా! ఎంత నిబ్బరమైన వీపనుకున్నావ్! అంత నమ్మకంగా నిలబడ్డాడంటే రోజూ తినేవాడే. నీలం చొక్కా..." అని ఆగింది. అతని చొక్కా చూసింది. "ఏదీ నాయనా, ఓసారి అటు తిరుగు."

సరేబాబు తిరిగాడు.

"ఆఁ! నువ్వే!" అంది ఆవిడ సంతోషంగా. "ఎక్కడికి పోయావ్ ఇంతసేపూ?"

సరేబాబు కాళ్ళ కింద నేల కాస్త జరిగింది. ఇంత ఊరు, ఇంత నమ్మకం, ఇంత ఓపిక, అంతా తన అజ్ఞానం వెనక వరుసగా నిలబడి ఉంది. పారిపోదామని మూలదాకా వెళ్ళాడు. అక్కడ, పూలకొట్టువాడు వేసిన పీట మీద, మామగారు కూర్చుని ఉన్నారు. కళ్ళు మూసుకుని, తల కొంచెం పైకెత్తి, ఆ వాసనను గుండెలనిండా పీలుస్తున్నారు. ముఖం ఇరవయ్యేళ్ళ నావికుడి ముఖంలా ఉంది. అది చూశాక పారిపోయే కాళ్ళు పనిచేయలేదు. తిరిగి వచ్చి, తలుపు ముందు మోకాళ్ళ మీద కూర్చుని, కంతలోకి పలికాడు.

"అమ్మా, కొంచెం తలుపు తీస్తారా?"

"ఎవరు? పోలీసులా?"

"కాదండీ. విమానాశ్రయం."

లోపలినుంచి సన్నగా వినిపించింది. "వాసన అంతదాకా వచ్చిందా?"

"వాసన గొడవ కాదండీ. తినడానికి వచ్చాం."

"ఎవరు?"

"అందరూ."

తలుపు భళ్ళున తెరుచుకుంది. "ఇన్నాళ్ళూ ఒక్కరు రాలేదే! ఇవాళ మూసేస్తుంటే అందరూ కూడబలుక్కుని వచ్చారా? ఒక్కొక్కరుగా వచ్చి చావకూడదూ?"

"రప్పిస్తానండీ," అన్నాడు సరేబాబు. "ఒక్కొక్కరుగానే రప్పిస్తాను. నా పనే అది."

వరుస కదిలింది. గిన్నె వెనక గిన్నె, ఆవిరి వెనక ఆవిరి. లోపలినుంచి మొదట ఒక జుర్రు వినిపించింది. తర్వాత ఇంకొకటి. తర్వాత పది నోళ్ళు కలిసిన పెద్ద జుర్రు. ఇంట్లో అయితే పిల్లల్ని కసిరే ఆ చప్పుడు రామెన్ కొట్లో వంటమనిషికి పెట్టే దణ్ణమట. ఆ దణ్ణాలు విని యజమానురాలు పక్కకు తిరిగి కళ్ళు తుడుచుకుంది. అడిగితే ఉల్లిపాయలంది. గొడవేమిటో చూద్దామని దిగి వచ్చి, దారి లేక వరుసలో కలిసిపోయిన పై అంతస్తు పెద్దమనిషి మీసాలు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. "ఇన్నాళ్ళూ ఈ వాసన మా ఇంట్లోకి వస్తోందని తగువు పెట్టుకున్నాను. నేనే దీని ఇంట్లోకి రావాలని తోచలేదు చూశావా!" అన్నాడు.

వరుస జరిగి జరిగి, మామగారి కుటుంబం గడప దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడు గరిటె కుండ అడుగుకు తగిలిన చప్పుడైంది. ఆ చప్పుడుకు అర్థం చెప్పనక్కర్లేదు.

"అయిపోయిందండీ," అంది యజమానురాలు.

"చూశారా మామయ్యగారూ!" పెద్దల్లుడికి ప్రాణం లేచొచ్చింది. "ముందే నన్నడిగుంటే ఎక్కడో ఒకచోట బల్ల చెప్పించి ఉంచేవాణ్ణిగా!"

సరేబాబు తల దించుకున్నాడు. భార్య వంక చూసే ధైర్యం లేదు. "తప్పు నాదే మామయ్యగారూ. ఈ చోటు నాకు తెలీదు. అసలు ఏ చోటూ తెలీదు. నేను ఊరికే నిలబడ్డాను. వీళ్ళంతా నా వెనక నిలబడ్డారు."

మామగారు అతన్ని పైనుంచి కిందికి చూశారు. భుజాలు అదిరాయి. కోపమేమోనని కూతుళ్ళిద్దరూ చెరో చెయ్యీ పట్టుకున్నారు. కోపం కాదు, నవ్వు.

"ఆ రేవులోనూ ఇంతేరా! ఓడ దిగి, చలిలో వణుకుతూ, ఇంత పొడుగు లైన్లో నిలబడ్డాను. నా ముందువాడి దాకా వచ్చింది. నా వంతు వచ్చేసరికి కుండ ఖాళీ. అటు ఓడ కూత వేసింది."

"అంటే మీరు తినలేదా నాన్నా?" అంది పెద్దకూతురు.

"తిన్నానని ఎప్పుడన్నానమ్మా? వాసన అన్నాను. ఆవిరి అన్నాను."

"మరి నేనెంత చేసినా అలా లేదని పేర్లు పెట్టారే! ఇన్నేళ్ళూ!"

"లేదమ్మా. దాని వాసన వేరు."

ఈ మాటల్లో ఉండగా, సంచీ ఆవిడ నోరు తుడుచుకుంటూ వచ్చి, సరేబాబు రెక్క పట్టుకుని లోపలికి లాగింది. "ఇదిగో, ఇతనే!"

"మీరేనా నీలం చొక్కా?" అంది యజమానురాలు. "వరుసలో మొదటి మనిషికి మొదటి గిన్నె అని మా గురువుగారి ఆన. ఈవిడ తాను రెండోదాన్నని ఒట్టేసి మరీ చెప్పింది. మీ సూపు అప్పుడే తీసి మూతపెట్టాను. కూర్చోండి, నూడిల్స్ వేస్తాను."

"నేను వరుస వదిలేశానండీ," అన్నాడు సరేబాబు. "నియమం ప్రకారం నా హక్కు పోయింది."

"పోయిందేంటి?" అని సంచీ ఆవిడ కసిరింది. "పొద్దుట్నుంచీ ఒకడుగు వదిలి నిలబడింది ఎందుకనుకున్నావ్? నా మోకాళ్ళ నొప్పులకా?"

గిన్నె వచ్చింది. సరేబాబు దాన్ని రెండు చేతులా పట్టుకుని మామగారి ముందు పెట్టాడు. ఆయన కళ్ళు మూసుకోలేదు. మొదటిసారి తెరిచే ఉంచారు. ఒక్క జుర్రు. సందు, వీధి, వెళ్ళిపోతూ ఆగిన జనం, అందరూ మెడలు చాచారు. ఓడ దాటిన దూరమంతా ఆయన ముఖం మీద మెల్లగా నడిచి వచ్చి, ఒడ్డు చేరి, ఆగింది.

"వాసనకు తగ్గట్టే ఉంది," అన్నారు.

ఆ తర్వాత గిన్నె కిందికి దిగలేదు. ఖాళీ అయ్యాకే దిగింది. యజమానురాలు వెళ్ళి, తలుపుకున్న "తెరవలేదు" పలకను ఇక కొట్టు మూసేది లేదన్నట్టుగా గట్టిగా తిప్పింది. వీధిలోకి వచ్చాక పెద్దల్లుడు చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "ఇంతకీ ఆ చొక్కా ఎక్కడ కొన్నావోయ్?" అని అడిగాడు.

"అల్లుడూ!" అన్నారు మామగారు.

"చెప్పండి మామయ్యగారూ," అని పెద్దల్లుడు అలవాటుగా ముందుకొచ్చాడు.

"మీరు కాదు, నీలం చొక్కా." ఆయన కర్ర సరేబాబు వైపు తిరిగింది. "అల్లుడూ, ఒక్క గిన్నె నాకేం ఆనింది? వచ్చే ఆదివారం పెందలాడే వచ్చి ఇక్కడ నిలబడు."

సరేబాబు వెన్ను నిటారుగా పెట్టి, పాదాలు జతచేసి, "సరే," అన్నాడు. అప్పటికే ఎవరో వచ్చి అతని వెనక నిలబడ్డారు.